శత్రువు ఇంటికి కోడలిగా వెళ్లిన అమ్మాయి ఎప్పుడు నమ్మాలి?

ప్రశ్న

విజయనగరం నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. అందులోని విషయం క్లుప్తంగా ఇది.

ఆమె స్కూల్లో టీచరు. డిగ్రీ రోజుల నుంచి స్నేహితురాలైన ఒకామెతో కలిసి రెండేళ్లుగా ఆన్‌లైన్‌లో ఒక ఫాంటసీ సీరియల్ రాస్తున్నారు. ఏటి ఒడ్డున సప్తధార రాజ్యం, కొండల మీద కరిగిరి రాజ్యం. మూడు తరాలుగా రెండింటికీ యుద్ధం. చివరికి సంధి కుదిరి, సప్తధార రాజకుమారి మృణాళినిని కరిగిరి యువరాజు రుద్రసేనుడికి ఇచ్చి పెళ్లి చేస్తారు. మృణాళిని అన్న చనిపోయింది రుద్రసేనుడు నడిపిన యుద్ధంలోనే. పెళ్లి పీటల మీద ఇద్దరి మణికట్లకూ మంత్రించిన దారం కడతారు. ఒకరికొకరు ద్రోహం తలపెడితే ఆ చెయ్యి కాలిపోతుంది. మృణాళిని వైపు భాగాలు ఈ సోదరి రాస్తారు, రుద్రసేనుడి వైపు భాగాలు స్నేహితురాలు రాస్తారు.

"వీళ్లిద్దరూ ఎప్పుడు ఒకటవుతారు?" అని పాఠకులు ఏడాదిగా అడుగుతున్నారు. ఈమె ఆ ఎపిసోడ్ ఎన్నిసార్లు రాసినా నచ్చక చెరిపేస్తూ వచ్చారు. ఈలోగా స్నేహితురాలు ఒక్క మాట చెప్పకుండా తనే రాసి పెట్టేశారు. పండగ రాత్రి మృణాళిని మీద హత్యాయత్నం జరుగుతుంది, రుద్రసేనుడు అడ్డుపడి భుజానికి కత్తిపోటు తింటాడు, ఆమె ఏడుస్తూ అతని గుండెల మీద వాలిపోతుంది. సీరియల్ మొత్తంలో ఎక్కువమంది చదివిన భాగం అదే. ఖాతా స్నేహితురాలి పేరు మీద ఉంది కాబట్టి ఈమె దాన్ని మార్చలేరు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. "అందరూ మెచ్చుకుంటున్నారు, నాకు మాత్రం కడుపులో దేవినట్టుంది. మృణాళిని అతన్ని నమ్మిందంటే నేను నమ్మలేకపోతున్నాను. కానీ కథ ఆపేస్తే రెండేళ్ల కష్టం పోతుంది. అసలు నాదే చాదస్తమా?" అని అడుగుతున్నారు.

జవాబు

చాదస్తం కాదమ్మా. రెండేళ్లు ఒక మనిషి మనసులో ఉండి రాసినవాళ్లకు, ఆ మనిషి ఏ పని చేయదో తెలిసిపోతుంది. మీ స్నేహితురాలు పాఠకుల తొందరకు జవాబు చెప్పారు. మృణాళిని ప్రశ్నకు జవాబు చెప్పలేదు. మీ కోపం సగం అక్కడ మొదలైంది కాబట్టి ముందు కథ సంగతి చూద్దాం, తర్వాత మీ ఇద్దరి సంగతి.

ఆ కత్తిపోటు సీనులో అసలు ఏం జరిగింది? అతను ఆమె ప్రాణం కాపాడాడు. దాంతో ఆమె అతనికి రుణపడింది. రుణపడటం, నమ్మడం ఒకటి కాదు. పైగా సంధి నిలబడాలంటే ఆమె బతికి ఉండాలి. ఆమె కరిగిరి కోటలో చనిపోతే మర్నాడు సప్తధార సైన్యం ఏరు దాటుతుంది. అంటే అతను ప్రేమతో అడ్డుపడ్డాడా, రాజ్యం కోసం అడ్డుపడ్డాడా అన్నది ఆ కత్తిపోటు చెప్పదు. మీ మృణాళిని తెలివైనదని మీరే రాశారు. ఆ తెలివైన పిల్ల ఏడ్చేముందో, ఏడ్చాకో ఈ లెక్క వేసుకోకుండా ఉండదు. మీకు కడుపులో దేవినట్టు అనిపించింది అందుకే.

ఇక ఆ మంత్రదారం. సంధి పెళ్లికి అది మంచి ఆలోచనలా కనిపిస్తుంది కానీ మీ కథకు పెద్ద అడ్డు అదే. ద్రోహం చేస్తే చెయ్యి కాలుతుందంటే, అతను ద్రోహం చేయకపోవడంలో అతని గొప్పతనం ఏముంది? దారం ఉన్నంతకాలం ఆమెకు అతని మనసు తెలిసే దారే లేదు. అతనికీ ఆమె మనసు తెలియదు. నమ్మకం పుట్టాలంటే మోసం చేసే వీలుండాలి, ఆ వీలు ఉండి కూడా చేయకపోవాలి. కాబట్టి దారాన్ని ఏదో ఒకటి చేయక తప్పదు. దాన్ని విప్పే ఉపాయం ముందు ఎవరికి తెలుస్తుంది? రుద్రసేనుడికే తెలిసిందనుకోండి. అతను ఆ సంగతి దాచిపెడితే ఒక కథ. వచ్చి ఆమెకు చెబితే ఇంకో కథ. చెప్పి, తన చేతి దారం అలాగే ఉంచుకుని ఆమెది మాత్రం విప్పేస్తే పూర్తిగా వేరే కథ. అప్పుడు ఆమె అతన్ని చంపినా ఆమె చెయ్యి కాలదు. ఆ రాత్రి అతను ఎలా నిద్రపోయాడో మీ స్నేహితురాలు రాయాలి, ఆమె ఎలా మేలుకుని ఉందో మీరు రాయాలి. నా మట్టుకు ఆ ఎపిసోడ్ చదవాలని ఉంది.

మీకు చరిత్ర నుంచి కొన్ని సంగతులు చెబుతాను. కల్పితమే అయినా మీ కథ లాంటిది మన నేల మీద నిజంగానే జరిగింది.

శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరి, 1515లో కొండవీడు గెలిచాడు. కొండవీటిలో దొరికినవాళ్లలో ఒడిశా రాజు ప్రతాపరుద్ర గజపతి కొడుకు వీరభద్రుడు ఉన్నాడు. తర్వాత సంధి కుదిరి, గజపతి తన కూతుర్ని రాయలకు ఇచ్చాడు, కృష్ణకు ఉత్తరాన గెలిచిన నేలను రాయలు తిరిగి ఇచ్చేశాడు. ఇక వీరభద్రుడి సంగతి. అతని కత్తిసాము చూడాలని రాయలు పిలిపించి, తనకు సమానం కానివాణ్ణి ఎదురు నిలబెట్టాడని, ఆ అవమానం భరించలేక అతను ప్రాణం తీసుకున్నాడని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాశాడు. మరోవైపు, ఆ గజపతి కుమారుడే కన్నడ సీమలో రాయల కింద ఒక ప్రాంతం పాలిస్తున్నట్టు 1516 నాటి శాసనం ఒకటి చెబుతుంది. ఒకే మనిషి గురించి రెండు మాటలు. ఆ గజపతి కూతురు పెళ్లయి హంపీకి వచ్చినప్పుడు ఆమె చెవిన ఏ మాట పడి ఉంటుంది? ఎవరు చెప్పి ఉంటారు? ఆమె భర్త దగ్గర ఆ ప్రశ్న ఎత్తిందా? ఆమె రాయల నిరాదరణకు గురై కంభంలో ఒంటరిగా గడిపిందని, తన బాధను ఐదు సంస్కృత శ్లోకాల్లో చెప్పుకుందని జనంలో కథ ఉంది. నిజమో కాదో గానీ, ఆ కథ ఇన్నాళ్లు నిలిచిందంటే, అలాంటి పెళ్లిలో ఆడపిల్ల మనసు ఏమై ఉంటుందని జనం ఆలోచిస్తూనే ఉన్నారన్నమాట.

మీ మృణాళినికి అన్న చావు గురించి ఏం తెలుసు? మీ ఉత్తరంలో "యుద్ధంలో చనిపోయాడు" అన్నంత వరకే ఉంది. కథలోనూ అంతేనా? అలా అయితే పెద్ద గని వదిలేశారు. అన్న ఎలా పోయాడో పుట్టింట్లో ఒక మాట చెబుతారు, అత్తింట్లో ఇంకో మాట చెబుతారు. నిజం తెలిసినవాడు రుద్రసేనుడు ఒక్కడే. ఆ నిజం అతనికి మచ్చ తెచ్చేదైతే, అతను దాన్ని దాచుకోకుండా, ఆమె అడగక ముందే నోరు తెరిచి చెప్పాడనుకోండి. కత్తిపోటు కన్నా ఆ మాట చెప్పడానికి ఎక్కువ ధైర్యం కావాలి. చెబితే ఆమె దూరమైపోవచ్చని తెలిసి కూడా చెప్పడమే అతను ఆమెకు ఇవ్వగలిగిన మొదటి గౌరవం.

ఇంకో సంగతి. కాకతి గణపతిదేవుడు దివిసీమ మీద దండెత్తి గెలిచి, అక్కడి అయ్య వంశపు పినచోడి కూతుళ్లు నారమ, పేరమలను పెళ్లి చేసుకున్నాడు. వాళ్ల తమ్ముడు జాయపను చేరదీసి గజసాహిణిని, అంటే ఏనుగుల దళానికి అధిపతిని చేశాడు. ఆ జాయపే తర్వాత నాట్యం మీద నృత్తరత్నావళి అనే గ్రంథం రాశాడు. గెలిచినవాడు, ఓడినవాళ్లు కలిసి మంచి పని చేసిన ఉదాహరణగా దీన్ని చెప్పుకుంటాం. సబబే. అయితే తమ్ముడి శాసనాలు దొరికాయి, పుస్తకం దొరికింది, ఆ అక్కచెల్లెళ్ల మనసులో మాట మాత్రం మన దాకా రాలేదు. వాళ్లు సుఖపడ్డారో లేదో ఎవరం చెప్పలేం. మీరు రాస్తున్న మృణాళిని భాగాలు సరిగ్గా ఆ ఖాళీలో రాస్తున్నవి. అందుకే వాటిని తొందరపడి ముగించొద్దంటున్నాను.

పెళ్లితో యుద్ధాలు ఆగిపోతాయన్న భరోసా కూడా చరిత్ర ఇవ్వదు. 1406 ప్రాంతంలో బహమనీ సుల్తాను ఫిరోజ్‌షాకు హంపీ విజయనగరాన్ని ఏలిన మొదటి దేవరాయలు కూతుర్నిచ్చి, బంకాపురం కోట కూడా ఇచ్చాడు. చరిత్రకారుడు ఫిరిస్తా రాసినదాని ప్రకారం, విజయనగర వీధుల్లో పట్టుబట్టలు పరిచి మరీ అల్లుణ్ణి ఊరేగించారు. తిరుగు ప్రయాణంలో మామగారు కొంత దూరం వచ్చి వెనుదిరిగాడు, శిబిరం దాకా సాగనంపలేదని అల్లుడికి కోపం వచ్చింది. కొన్నేళ్ల తర్వాత పానగల్లు దగ్గర మళ్లీ యుద్ధం. పల్నాటి కథలో అయితే ఇంకా ఘోరం. అలరాజు గురజాల రాజు నలగామరాజుకు సొంత అల్లుడు. అతని ప్రత్యర్థులైన మాచర్ల వారి తరఫున రాయబారానికి వెళ్లి విషప్రయోగానికి బలయ్యాడు. భార్య పేరమ్మ అటు తండ్రి, ఇటు భర్త మధ్య నలిగి చివరికి సహగమనం చేసింది. మీ మృణాళినికి కూడా అలాంటి రోజు వస్తుంది, రావాలి. సంధి బీటలు వారినప్పుడు ఆమె ఎటు నిలబడుతుందో మీరు ఇప్పుడే ఆలోచించి పెట్టుకోండి.

ఇక నమ్మకం ఎలా రాయాలి? పెద్ద సంఘటనలు పక్కన పెట్టి కోటలో ఆమె రోజు ఎలా గడుస్తుందో చూడండి. పుట్టింటి నుంచి అరణంగా వచ్చిన దాసీలు ఇంకా ఆమె దగ్గరే ఉన్నారా, ఒక్కొక్కరినీ ఏదో వంక పెట్టి మార్చేశారా? ఆమె అమ్మకు రాసే ఉత్తరం మీద ముద్ర ఎవరు వేస్తారు? వేసే ముందు చదువుతారా? పసుపుకుంకుమల కింద ఆమెకు రాసిచ్చిన ఊళ్ల శిస్తు ఆమె చేతికి వస్తోందా, అత్తగారి పెట్టెలోకి వెళ్తోందా? ఆమె గది తలుపు గడియ లోపల ఉందా, బయట ఉందా? రాజసభలో కరిగిరి యాసలో గబగబా మాట్లాడుకుంటుంటే ఆమె కోసం ఎవరైనా నెమ్మదిస్తారా?

ఇందులో ఒక్కటి తీసుకుని చూపిస్తాను. ఉత్తరం. మొదట్లో ఆమె రాసిన ప్రతి ఉత్తరాన్నీ మంత్రి చదివాకే పంపుతారు. ఆమెకు తెలుసు, అందుకే "ఇక్కడ అంతా క్షేమం" అని తప్ప ఏమీ రాయదు. ఒక రోజు రుద్రసేనుడు లక్క కరిగించే గిన్నె, తన ముద్ర రెండూ తెచ్చి ఆమె బల్ల మీద పెట్టి బయటికి వెళ్లిపోతాడు. ఇకపై ఆమె ఏం రాసి పంపినా అతని ముద్రతోనే వెళ్తుంది, ఎవరూ విప్పరు. కోట గుట్టు రాసి పంపవచ్చు, సైన్యం లెక్క రాసి పంపవచ్చు. ఆమె ఆ రోజు ఏమీ రాయదు. మూడో రోజు "అమ్మా, నాకిక్కడ చలి పడటం లేదు" అని రాస్తుంది. ఏడాదిలో మొదటిసారి నిజం రాసింది. పాఠకులకు ఆ వాక్యం ఇచ్చే తడి ఏ కౌగిలీ ఇవ్వదు.

ఇక్కడ నేను గట్టిగా నమ్మే మాట ఒకటి చెబుతాను. అతను ఎంత మంచివాడన్నది ప్రశ్న కాదు. తాళంచెవి చేతిలో ఉన్నవాడు దయగా ఉండటం తేలిక. ఆమె "వద్దు" అంటే ఏమవుతుంది, ఆ "వద్దు" వల్ల అతనికి ఏం నష్టం, ఆ నష్టం అతను భరిస్తాడా అన్నదే ప్రశ్న. ఆమె ఒక్కసారైనా "వద్దు" అని, దాని తర్వాత కూడా ఆమె పరువు, ఆమె ఊళ్లు, ఆమె పుట్టిల్లు భద్రంగా ఉంటేనే, ఆ తర్వాత ఆమె అనే "సరే"కు పాఠకులు విలువిస్తారు.

కథ ఎటు వెళ్లాలన్నది మీ ఇద్దరూ తేల్చుకోవాల్సింది. నాకు మూడు దారులు కనిపిస్తున్నాయి. మొదటిది, చివరికి వాళ్లిద్దరి మధ్య ప్రేమ పుట్టడం. ఎక్కువమంది కోరేది ఇదే, తప్పేమీ లేదు, కానీ అన్న చావు సంగతి తేలకుండా అక్కడికి చేరితే ఇప్పుడున్న వెలితి చివరిదాకా వెంటాడుతుంది. రెండోది, ప్రేమ లేకపోయినా ఇద్దరూ ఒక పని కోసం ఒకటి కావడం. ఉదాహరణకు రెండు రాజ్యాల పొలాలకూ పారే ఏటి నీళ్ల పంపకం వాళ్లిద్దరే దగ్గరుండి చూసుకోవచ్చు. భార్యాభర్తలన్న పేరు అలాగే ఉంటుంది, ఒకరి మాట మీద ఒకరికి గురి కుదురుతుంది, అంతకు మించి ఏమీ జరగదు. నాకు ఇది చాలా ఇష్టం. కాకపోతే రొమాన్స్ కోసం వచ్చిన పాఠకుల్లో కొందరు వెళ్లిపోతారు. దానికి సిద్ధపడాలి. మూడోది, ఆమె తిరిగి వెళ్లిపోవడం. అతనే ఆమెను ఏరు దాటించవచ్చు. అయితే సంధి ఏమవుతుందన్న ప్రశ్నకు మీ దగ్గర గట్టి జవాబు లేకపోతే ఆ దారి పట్టకండి. వేలమంది ప్రాణాలు పోతాయని తెలిసి వెళ్లిపోయిన మృణాళినిని మీరే క్షమించలేరు.

మూడింట్లో ఏది ఎంచుకున్నా ఒక సీను మాత్రం వెనక్కి వెళ్లి రాయమంటాను. పెళ్లికి ముందు ఆమెను ఎవరైనా అడిగారా? మీ ఉత్తరంలో "ఇచ్చి పెళ్లి చేస్తారు" అని ఉంది. అడగకపోతే అడగలేదనే రాయండి. అడిగి ఉంటే, తండ్రి కళ్లలోకి చూసి ఆమె ఏమందో రాయండి. అన్నను పోగొట్టుకున్న ఆడపిల్ల, ఇంకో చెల్లి తన అన్నను పోగొట్టుకోకూడదని తనంతట తానే ఒప్పుకుని ఉండవచ్చు. అది కూడా ఎంపికే, ఇరుకులో చేసుకున్న ఎంపిక. రుద్రసేనుడి మీద ప్రేమ లేకపోయినా, ఆ సంధి ఆమెకు సొంతమవుతుంది.

ఇప్పుడు మీ స్నేహితురాలి దగ్గరికి వస్తాను. చెప్పకుండా పెట్టేయడం తప్పే. మృణాళిని మీరు రాసే పాత్ర, ఆమె తరఫున నిర్ణయం మీది. అయితే ఒక్కటి ఆలోచించండి. మీరు ఏడాదిగా ఆ ఎపిసోడ్ రాసి చెరిపేస్తున్నప్పుడు, ఎందుకు చెరిపేస్తున్నారో ఆమెకు చెప్పారా? నాకు రాసినంత వివరంగా ఆమెకు రాశారా? ఉత్తరంలో ఆ సంగతి లేదు. చెప్పి ఉంటే ఆమె చేసింది తెలిసి చేసిన పని. చెప్పకపోతే, పాఠకులు నిలదీస్తుంటే అటువైపు నుంచి ఉలుకూ పలుకూ లేక, విసిగి చేసిన పని కావచ్చు. రెండింటికీ తేడా ఉంది.

ఆ ఎపిసోడ్ తీసేయమని మీరు పట్టుబట్టవచ్చు. అలా చేస్తే మీ మాట నెగ్గుతుంది కానీ, చదివి సంబరపడ్డ పాఠకులకు సమాధానం చెప్పుకోవాలి. ఆమె మీద కక్ష తీర్చుకున్నట్టు కూడా అవుతుంది. అలా వదిలేసి ముందుకు పోవచ్చు, కానీ అప్పుడు మీరు రాసే ప్రతి మాటలో ఈ చేదు దిగుతుంది. నాకు తోచిన ఇంకో దారి, ఆ రాత్రినే మృణాళిని వైపు నుంచి మీరు రాయడం. రుద్రసేనుడు చూసింది ఆమె ఏడవడం, వాలిపోవడం. ఆ కన్నీళ్లు ఎవరి కోసమో అతనికి తెలియదు. అన్న గుర్తొచ్చి ఏడ్చిందేమో, భయంతో కాళ్లు తేలిపోయాయేమో, తెల్లారాక తన మీదే తనకు కోపం వచ్చిందేమో. అతను ప్రేమనుకున్నది ప్రేమ కాదని అతనికి తెలిసే రోజు మీ కథకు మంచి మలుపు అవుతుంది. మీ స్నేహితురాలు రాసిన ఒక్క వాక్యం కూడా చెరపనక్కర్లేదు. ఆమెకు ఇది నచ్చకపోవచ్చు కూడా. నచ్చకపోతే సీరియల్‌ను ఇక్కడితో పంచుకుని, ఎవరి పాత్రతో వాళ్లు వేరే కథ రాసుకోవడం గురించి మాట్లాడుకోండి. స్నేహం పోవడం కన్నా అది నయం.

ఫోన్లో మెసేజ్‌లు వద్దు. ఈ ఆదివారం ఆమె ఇంటికి వెళ్లండి, లేదా మీ ఇంటికి పిలవండి. ముందు మృణాళిని గురించి మాట్లాడండి, మీరెందుకు రాయలేకపోయారో మొత్తం చెప్పండి, తర్వాత ఆమె వైపు కూడా అడ్డురాకుండా వినండి. ఖాతా సంగతి కూడా ఆ రోజే తేల్చుకోండి. పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గరా ఉండాలి, ఎవరి భాగమైనా రెండోవాళ్లు చదివాకే పెట్టాలి, డబ్బేమైనా వస్తే ఎలా పంచుకోవాలో కాగితం మీద రాసుకోవాలి. మొహమాటపడి ఈ చివరి మూడూ వాయిదా వేయకండి.